పన్ను తీసేరోజే ఎముక సంగతి చూసుకోవాలి

ప్రశ్న: డాక్టరమ్మా, నాకు 46 ఏళ్లు. కింద ఎడమ పక్క దవడ పన్ను నిలువునా చీలింది, తీసేయాల్సిందేనన్నారు. ఎముకలో స్క్రూ దించి పైన పన్ను బిగించే ఇంప్లాంట్‌కు ఇప్పుడు డబ్బుల్లేవు. తోతాపురి కాయ ఫ్యాక్టరీకి తోలినాక జూలైలో వేయించుకుంటా. అందాకా ఉత్తినే పీకించి వదిలేస్తే చాలదా? ఎముక పొడి వేయాలంటున్నారు. అది పశువుల ఎముకంట, మా ఇంట్లో మాంసం ముట్టం.
- ఒక పాఠకురాలు, బంగారుపాళెం

జవాబు: జూలై దాకా ఆగొచ్చమ్మా. ఉత్తినే పీకించి ఆగడమే వద్దంటాను. పన్ను పోయాక దాన్ని పట్టుకున్న ఎముక కరుగుతుంది, అందులోనూ బుగ్గ వైపు ఉండే పలచటి గోడ ముందు పోతుంది. ఏడాదిలో వెడల్పు సగం దాకా తగ్గొచ్చు. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. ఎముక దిగితే చిగురూ దిగుతుంది.

మీ పన్నుకు మామూలుగా రెండు వేర్లుంటాయి. మొత్తంగా ఊపి లాగితే ఆ గోడ విరిగి పన్నుతోపాటే వచ్చేయొచ్చు. మధ్యకు కోసి ఒక్కో వేరూ విడిగా తీస్తే గోడా, వేర్ల మధ్య ఎముకా మిగులుతాయి. టైమ్ ఎక్కువ పడుతుంది, దయచేసి డాక్టర్‌ని తొందరపెట్టకండి. తర్వాత గుంటను శుభ్రంగా గీకి, ఎముక పొడి నింపి, పైన పొర కప్పి కుడతారు. కరగడం పూర్తిగా ఆగదు గానీ బాగా తగ్గుతుంది. అది కుదురుకోవడానికి ఎలాగూ మూడు నాలుగు నెలలు ఆగాలి. ఈ మార్చిలో తీయించుకుంటే మీ జూలైకి సరిపోతుంది.

పశువుల ఎముకతో చేసిన పొడి ఎక్కువగా వాడే మాట నిజమే. ల్యాబ్‌లో తయారయ్యే కాల్షియం ఫాస్ఫేట్ పొడి కూడా ఉంది, అది అడగండి. పొర సంగతి చాలామందికి తట్టదు. కొలాజెన్ పొర కూడా పశువులదో పందిదో అయి ఉంటుంది. దాని బదులు పీఆర్‌ఎఫ్ పెట్టించుకోవచ్చు. మీ చేతి నుంచే రక్తం తీసి మిషన్‌లో తిప్పితే పసుపురంగు జెల్లీ ముద్ద వస్తుంది, దాన్ని నొక్కి పొరగా కప్పుతారు. ఇక్కడ తిరుపతిలో ఈ మాట అడగడానికి మొహమాటపడి, కుర్చీలో కూర్చున్నాక టెన్షన్ పడేవాళ్లను చూస్తుంటాను. ముందురోజే చెప్పండి, సరుకు తెప్పించి ఉంచుతారు.

జూలైలో త్రీడీ స్కాన్ తీస్తారు, కింది దవడలో నరం ఎంత దూరంలో ఉందో అందులోనే తెలుస్తుంది. ఇంప్లాంట్ వేసేటప్పుడు గట్టి చిగురును కోసి పారేయకుండా బుగ్గ వైపుకు జరిపి కుట్టమనండి. ఆ చిగురు రెండు మిల్లీమీటర్లన్నా ఉంటే బ్రష్ చేసేటప్పుడు నొప్పి తక్కువగా ఉంటుంది. చిగురు మానేదాకా ఇంప్లాంట్ పైన పెట్టే మూత, అదే హీలింగ్ క్యాప్ కూడా దవడ పన్నంత వెడల్పుగా ఉండాలి. సన్నటిది పెడితే చిగురు దాని చుట్టూ సన్నగానే మానుతుంది. తర్వాత పెద్ద పన్ను బిగించినప్పుడు కింద సందులు మిగిలి, తిన్నప్పుడల్లా మెతుకులు ఇరుక్కుంటాయి.

మీకు షుగర్ ఉందో లేదో రాయలేదు. మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుని, ఆ రిపోర్టు డాక్టర్‌కి చూపించాకే పన్ను తీసే తేదీ పెట్టించుకోండి.