పాత్రకు పేరు పెట్టేది నువ్వు కాదు

అమ్మలూ,

కథ చదివాను. నడిపించిన తీరు బాగుంది. కానీ బియ్యం మిల్లులో కాటా దగ్గర కూర్చునే డెబ్బై ఏళ్ళ ముసలాయనకి నిశాంత్ అని పేరేంటే? చీకటి పోయి తెల్లారుతుందన్న అర్థం వస్తుందని పెట్టానన్నావు. సరే, 1955 ప్రాంతంలో పర్లాకిమిడి పక్క పల్లెలో పుట్టిన పిల్లాడికి ఆ పేరు పెట్టే తండ్రి ఎలాంటివాడో నాకు చెప్పు. అలాంటి తండ్రి ఉంటే మాత్రం కథ ఆయన మీదే రాయాలి.

నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. పేరుకి అర్థం ఉండాలి, కానీ ఆ అర్థం పెట్టినవాళ్ళదై ఉండాలి. అమ్మో, నాయనమ్మో, పురోహితుడో, బడిలో చేర్చుకున్న మాస్టారో, ఎవరో ఒకరు ఏదో భయంతోనో మొక్కుతోనో ఆ పేరు పెట్టి ఉంటారు. వాళ్ళు కథలోకి రాకపోయినా నీకు మాత్రం తెలిసి ఉండాలి.

మన వైపు తవిటయ్యలూ తవిటమ్మలూ ఎందుకున్నారో తెలుసుగా. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, తర్వాత పుట్టినవాడిని తవుడుకి అమ్మేసినట్టు చేసి మళ్ళీ తెచ్చుకునేవారు, విలువ లేనివాడనుకుని చావు వదిలేస్తుందని. పెంటయ్య, పెంటమ్మ కూడా అంతే. అరవై ఏళ్ళ తవిటినాయుడు నీ కథలో గుమ్మంలోకి వస్తే వాడికన్నా ముందు పోయిన అన్నలో అక్కలో వాడి వెనకాలే వచ్చినట్టు లెక్క, నువ్వు ఒక్క ముక్క వివరించక్కర్లేదు. ఒడియా వాళ్ళలోనూ ఇదే సంగతి. ఒడియా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతికి మొదట పెట్టిన పేరు బ్రజమోహన్. చిన్నప్పుడు జబ్బు చేసి పోతాడేమోనన్నప్పుడు నాయనమ్మ పీర్లకు మొక్కుకుందట, బతికితే ఫకీరును చేస్తానని. బతికాడు. ఆవిడకి మనవణ్ణి నిజంగా వదులుకోవడానికి మనసొప్పలేదు, అందుకని మొహర్రం రోజుల్లో ఫకీరు వేషం వేయించి, పేరు మార్చి సరిపెట్టింది. ఆ నాయనమ్మ ప్రేమా, గడుసుదనం రెండూ ఆ పేరులో ఉన్నాయి. ఏ రచయిత కల్పించినా ఇంతకంటే బాగా కుదరదు.

అయితే అర్థం పైకి కనిపించే పేరు అసలు పెట్టకూడదా అంటావు. పెట్టొచ్చు, నవ్వించాలనుకుంటే. కన్యాశుల్కంలో లుబ్ధావధానులు, అగ్నిహోత్రావధానులు, సౌజన్యారావు పంతులు ఉన్నారు కదా, పేరు వింటేనే మనిషి తెలిసిపోతాడు, ప్రహసనంలో అది చెల్లుతుంది. కానీ గిరీశం సంగతి చూడు. అది శివుడి పేరు, అందులో ఏ వెటకారమూ లేదు. ఇవాళ ఎవడినైనా 'వాడొక గిరీశంరా' అంటే మనకు అర్థమయ్యేదంతా ఆ మనిషి చేసిన పనుల వల్ల ఆ పేరుకి పట్టింది. నీది నవ్వించే కథ కాదు, అందుకని గిరీశం దారిలో వెళ్ళు. మామూలు పేరు పెట్టి, అర్థాన్ని వాడి చేతే సంపాదించు.

ఇక మన ఆంధ్రా ఒడిశా సరిహద్దు సంగతి. దీన్ని నువ్వు అసలు వాడుకోలేదు, బరంపురంలో ఉండి కూడా! అరసవల్లి, శ్రీకూర్మం, ముఖలింగం, సింహాచలం దేవుళ్ళ పేర్లు మన పల్లెల్లో ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో చూడు: సూర్యనారాయణ, కూర్మారావు, ముఖలింగం, అప్పన్న. సింహాచలం అయితే మగవాళ్ళకీ ఉంది, ఆడవాళ్ళకీ ఉంది. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయ్యాక ఆ దేవుళ్ళు గీతకి అవతల ఉండిపోయారు, పేర్లు ఇవతల మిగిలాయి. ఆ పేరుతో ఒడియా ఆఫీసుకి వెళ్తే ఇంకో తమాషా. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్ళది చివర. గేదెల సింహాచలం అని రాసిస్తే గుమాస్తా సింహాచలాన్నే ఇంటిపేరు చేస్తాడు, తమ్ముడు కూర్మారావు దరఖాస్తులో ఇంటిపేరు కూర్మారావు అవుతుంది, కాగితాల మీద అన్నదమ్ములు కాకుండా పోతారు. భూమి పంపకం మీద కథ రాస్తున్నదానివి, ఇది చేతికి అందలేదా? పట్నాయక్ లాంటిది ఇంకోరకం, అటు ఒడియావాళ్ళలోనూ ఇటు తెలుగువాళ్ళలోనూ ఉంది, మనిషి ఏ భాషవాడో నాలుగు పేజీల దాకా దాచాలంటే అంతకంటే మంచిది దొరకదు. ఇంటిపేరుతో పాటు కులమూ వచ్చేస్తుంది, అది మాత్రం మర్చిపోకు. తెలిసి పెడితే ఫరవాలేదు, తెలియక పెడితే చదివేవాడు ఇంకో కథ చదువుకుంటాడు.

కొండ మీది మనుషుల గురించి రాస్తే మాత్రం ఇంకా జాగ్రత్త. సవర పిల్ల అనగానే మల్లి అని పెట్టేసే అలవాటు పట్నం రచయితలది. సోంబారి, మంగళ, బుధు, సుక్రు, ఇలా పుట్టిన వారాన్ని బట్టి పెట్టుకున్న పేర్లు ఎన్నో ఉన్నాయి, క్రైస్తవం తీసుకున్న ఇళ్ళలో బైబిలు పేర్లున్నాయి. తాత సుక్రు, మనవరాలు రూతు అన్నావంటే రెండు మాటల్లో ఆ ఇంటి డెబ్బై ఏళ్ళ చరిత్ర వచ్చేసింది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్న పర్లాకిమిడి మనది, మనం కనీసం పేర్లైనా అడిగి తెలుసుకోవాలి.

ఎక్కడ వెతకాలంటావా, ఓటర్ల జాబితా చాలు. ఊరు, వయసు, తండ్రి పేరో భర్త పేరో పక్కపక్కనే ఉంటాయి, ఏ వయసువాళ్ళకి ఏ పేర్లున్నాయో అరగంటలో తెలుస్తుంది. పాత శుభలేఖలు కూడా పనికొస్తాయి. కానీ పేరు ఒక చోటా, ఇంటిపేరు ఇంకో చోటా తీసుకో, ఉన్న మనిషిని ఉన్నట్టు దించితే రేపు వాళ్ళబ్బాయి ఇంటికొస్తాడు.

పేరు పెట్టాక గట్టిగా పిలిచి చూడు. అప్పలసూరి అన్నది ఓటరు కార్డులో పేరు. అమ్మకి సూరిగాడు, ఒడియా దుకాణదారుకి సూరి భాయ్, పాత కాలం పెళ్ళానికి అసలు పేరే లేదు, 'ఏమండీ' తప్ప. ఎవరు ఎలా పిలుస్తారో తేలితే సగం సంభాషణ తేలినట్టే. ఒకే కథలో అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలసూరి ముగ్గురూ ఉంటే కంగారుపడతారని అందరూ చెప్తారు, నిజమే, కానీ ఊళ్ళో ఉంటారు కదా! ఊరు ఏం చేస్తుందో నువ్వూ అదే చెయ్యి, బస్సు అప్పలరాజు అనో, పొట్టి అప్పలసూరి అనో.

చివరిది కంప్యూటర్ గురించి. ముందు ఏదో ఒక పేరు పెట్టి తర్వాత మారుద్దాంలే అనుకోకు. రాముని తీసేసి అప్పన్నని పెట్టమంటే అది రాములోరి గుడిని కూడా అప్పన్నలోరి గుడి చేస్తుంది. సింహాచలాన్ని మారుస్తే ఇంకా టెన్షన్, సింహాచలానికి, సింహాచలాన్ని అన్న చోట్లన్నీ అలాగే ఉండిపోతాయి, ఒక్కొక్కటీ చేత్తో దిద్దుకోవాలి. అంతగా పేరు తట్టకపోతే క్షక్ష అని రాసుకుని ముందుకెళ్ళు, అది ఇంకెక్కడా తగలదు.

అక్కని అడిగానని చెప్పు.

మీ మావయ్య