హైస్కూల్ మ్యూజికల్ 3: ట్వెల్త్ అయిపోతున్న పిల్లలతో కలిసి చూడొచ్చా?

మీ అమ్మాయికి ట్వెల్త్ అయిపోతోందని, ఫ్రెండ్స్‌ని వదిలి వెళ్ళాలని ఒకటే దిగులుగా ఉంటోందని రాశారు. ‘హైస్కూల్ మ్యూజికల్ 3: సీనియర్ ఇయర్’ కలిసి చూస్తే బాగుంటుందా, మొదటి రెండు భాగాలు చూడకపోతే అర్థమవుతుందా అని అడిగారు. నిరుడు మా ఇంట్లోనూ ఇదే పరిస్థితి. మేముండేది డాలస్ దగ్గర. తప్పకుండా చూడండి. కాకపోతే మీ అమ్మాయి కన్నా మీరే ఎక్కువ ఇరుకున పడతారు, ముందే చెబుతున్నా.

పైకి ఇది టీనేజ్ ప్రేమకథ. అమెరికాలో అల్బుకర్కీ అనే ఊళ్ళోని ఈస్ట్ హై స్కూల్లో ఆఖరి ఏడాది. ట్రాయ్ బాస్కెట్‌బాల్ కెప్టెన్, కోచ్ వాళ్ళ నాన్నే. నాన్న చదివింది ఊళ్ళోని యూనివర్సిటీలో, ప్రాణ స్నేహితుడు చాడ్ వెళ్ళబోయేదీ అక్కడికే. కాబట్టి ట్రాయ్ కూడా అక్కడికేనని అందరూ ఖాయం చేసేసుకున్నారు. ఇటు ట్రాయ్ ప్రేమించే గాబ్రియెల్లాకి కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో సీటొస్తుంది. అక్కడి ప్రత్యేక ప్రోగ్రాం కోసం స్కూలు పూర్తవకముందే వెళ్ళిపోవాల్సి వస్తుంది.

నిజం చెప్పాలంటే ప్రేమ ట్రాక్ నాకంతగా ఎక్కలేదు. వానలో డాబా మీద వాల్ట్స్ డాన్స్ చూడ్డానికి బాగుంది, అంతే. అంతకన్నా ట్రాయ్, చాడ్ పాత కార్ల తుక్కు యార్డులో చిన్నపిల్లల్లా ఎగిరే పాట నయం. ఏం కోల్పోతున్నారో అందులోనే తెలుస్తుంది.

అసలైన సీను తర్వాత వస్తుంది. కాలేజీ విషయంలో తండ్రితో గొడవపడి ట్రాయ్ రాత్రిపూట ఖాళీ స్కూల్లోకి వెళ్ళి పాడతాడు. కారిడార్ మొత్తం గిర్రున తిరిగే సెట్టు వేశారు. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న మా ఆయన తలెత్తి, “ఆ తండ్రి తప్పేమన్నాడని? తను చదివిన కాలేజీ, మంచి టీమ్, ఇంటి దగ్గర” అన్నారు. మా అమ్మాయి రిమోట్ తీసుకుని పాజ్ చేసింది. “తప్పన్నాడని కాదు డాడీ. వాడిని అడగలేదు, అంతే” అంది.

అప్పటికి మా ఇంట్లో కంప్యూటర్ సైన్స్, ఇంటి నుంచి వెళ్ళొచ్చే కాలేజీ అని దాదాపు తేలిపోయింది. తేల్చింది మేమిద్దరమే. ఆర్కిటెక్చర్ కోసం వేరే రాష్ట్రానికి కూడా అప్లై చేసిందన్న సంగతి ఆ పాజ్‌లోనే బయటపడింది. స్కూల్లో వాళ్ళ టీచరుకు తెలుసట, మాకు తెలీదు! సినిమాలో కూడా అంతే. ట్రాయ్ పేరు మీద జూలియార్డ్‌కి, అంటే సంగీతం, నాటకం నేర్పే న్యూయార్క్ కాలేజీకి, అప్లికేషన్ పంపింది డ్రామా టీచర్ డార్బస్. మా ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫీజెంత, హాస్టల్ ఎలా అని అడగడం మొదలుపెట్టారు. మా ఇంట్లో అది ఒప్పుకోవడం కింద లెక్క.

ముగింపు చెప్పేస్తున్నా, తెలిసినా నష్టం లేదు. ట్రాయ్ నాన్న కాలేజీకీ వెళ్ళడు, జూలియార్డ్‌కీ వెళ్ళడు. బాస్కెట్‌బాల్, థియేటర్ రెండూ ఉన్నాయని బర్క్‌లీ యూనివర్సిటీ ఎంచుకుంటాడు. గాబ్రియెల్లాకి 32.7 మైళ్ళ దూరమట, అంటే హైదరాబాద్ నుంచి భువనగిరికి వెళ్ళినట్టు. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఉన్న బే ఏరియా ట్రాఫిక్ తెలిసిన మనవాళ్ళు ఆ లెక్క విని నవ్వుతారు. నాకు మాత్రం ఇది కాస్త చేతకాని ముగింపు అనిపించింది, ఎంతైనా డిస్నీ వాళ్ళ సినిమా కదా. కానీ చాడ్ ఊళ్ళోనే ఉండిపోతాడు, గాబ్రియెల్లా ఫ్రెండ్ టేలర్ యేల్ యూనివర్సిటీకి పోతుంది. ఆ స్నేహాలకు అలాంటి సర్దుబాటేమీ లేదు. మీ అమ్మాయి దిగులు కూడా ఫ్రెండ్స్ గురించే కాబట్టి, అటువైపు మాట కదపండి.

సినిమాలో వచ్చే ప్రామ్ గురించి మీకు తెలియకపోతే, అది సీనియర్లకు స్కూలు పెట్టే డాన్స్ పార్టీ, మన ఫేర్‌వెల్‌ లాంటిదే, హంగామా ఇంకా ఎక్కువ. గాబ్రియెల్లా రానంటే ట్రాయ్ ఆ రోజే బండేసుకుని స్టాన్‌ఫర్డ్ పోవడం ఎంత పెద్ద విషయమో అప్పుడు అర్థమవుతుంది.

ఇక మొదటి రెండు భాగాలు. 2006లో ఒకటి, 2007లో ఒకటి, రెండూ డిస్నీ చానల్ కోసం తీసిన టీవీ సినిమాలు. మూడోది 2008లో థియేటర్లలోకి వచ్చింది. దర్శకుడు మూడింటికీ కెన్నీ ఒర్టెగానే. రెండోది వదిలేసినా పర్లేదు, మొదటిది మాత్రం చూడండి. బాస్కెట్‌బాల్ ఆడేవాడు స్టేజీ ఎక్కడమే ఆ స్కూల్లో ఎంత గొడవైందో తెలియకపోతే, మూడోదాంట్లో తండ్రీకొడుకుల మధ్య ఆ బరువు అందదు. అసభ్యత ఏమీ లేదు, అమెరికాలో దీనికి జీ రేటింగ్, అంటే అన్ని వయసుల వాళ్ళూ చూడొచ్చు. రెండు గంటల లోపే అయిపోతుంది గానీ, మర్నాడు సెలవున్న రోజే పెట్టుకోండి. మధ్యలో ఎవరైనా పాజ్ నొక్కారంటే ఎప్పటికి పూర్తవుతుందో చెప్పలేం.