ఇంట్లో సులువుగా చేసుకునే పండ్ల స్వీట్లు ఏమిటి? కేకులోకి ఫ్లేవర్లు కొనకుండా తయారు చేసుకోవచ్చా?

నిక్షేపంగా చేసుకోవచ్చు. మా ఇంట్లో ఎసెన్స్ సీసా కొని ఆరేళ్లయింది.

పండ్ల స్వీట్ల సంగతి ముందు చెప్పేస్తాను. బాగా మగ్గిన అరటిపండు చక్రాల్లా కోసి నేతిలో వేయించి, బెల్లం కోరు, యాలకుల పొడి చల్లితే పది నిమిషాల పని. ఫ్రూట్ కస్టర్డ్ చేస్తే మాత్రం పచ్చి పైనాపిల్ ముక్కలు నేరుగా వేయకండి, కాసేపటికే పాలు చేదెక్కుతాయి. కాస్త పంచదార వేసి ఐదారు నిమిషాలు ఉడికించి, చల్లారాక కలపండి. వీడియోల్లో ఈ ముక్క చెప్పరు. "జస్ట్ రెండు నిమిషాల్లో" అంటూ పాట వేసి ముగించేస్తారు. చూసి చేసిన వాళ్లకి లీటరు పాలు దండగ.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది టూటీ ఫ్రూటీ గురించి. బేకరీ కేకులో ఎర్రగా, పచ్చగా కనిపించే ఆ ముక్కలు ఎక్కువగా పచ్చి బొప్పాయివే. ఈ సంగతి చాలామందికి తెలియదు.

మా అత్తగారి ఊరు తణుకు దగ్గర. ఒక మే నెలలో ఈదురుగాలికి పెరట్లో బొప్పాయి చెట్టు కాయలతో సహా విరిగి పడింది. అన్నీ పచ్చివే, కోస్తే పాలు కారుతున్నాయి. రెండు కాయలు చెక్కు తీసి, శనగగింజంత ముక్కలు కోసి, ఉడకబెట్టి పాకంలో వేశాను. ఇరవై నిమిషాలకి చూస్తే గిన్నెలో ముక్కలు లేవు, హల్వా ఉంది. అత్తయ్యగారు గరిటెతో ఓసారి కదిపి, "సున్నపు తేటలో వెయ్యలేదా అమ్మాయ్? ఉసిరికాయ మురబ్బాకి మా అమ్మ అలాగే వేసేది" అన్నారు.

తమలపాకుకి రాసుకునే సున్నం చెంచాడు లీటరు నీళ్లలో కలిపి, అడుగుకి దిగాక పైన తేట మాత్రం వంపారు. అరకిలో ముక్కలు అందులో గంటన్నర నానబెట్టి, నాలుగుసార్లు కడిగించారు. ఆఖరుసారి కడిగిన నీళ్లు రెండు చుక్కలు నా అరచేతిలో పోసి, మీద చిటికెడు పసుపు వేశారు. అది పారాణిలా ఎర్రబడింది. "ఇంకా సున్నం పోలేదు, మళ్లీ కడుగు" అన్నారు. ఇంకో రెండుసార్లు కడిగాక పసుపు పసుపులాగే ఉండిపోయింది. వంటగదిలో ఇంతకంటే మంచి పరీక్ష నేను చూడలేదు.

ఆ ముక్కల్ని నీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి వార్చాం. అరకిలో పంచదార, రెండు గ్లాసుల నీళ్లు పోసి సన్న సెగ మీద పెడితే ముక్కలు గాజులా మెరిశాయి. పాకం వేలికి జిగురుగా తగలగానే దించేయాలి, తీగ సాగేదాకా ఉంచితే చల్లారాక పలుకు కడుతుంది. అర చెక్క నిమ్మరసం పిండితే ఆ భయం కూడా తగ్గుతుంది. రంగు కోసం దించాకే బీట్‌రూట్ రసం కలపండి, పొయ్యి మీద మరిగితే గోధుమ రంగుకి తిరుగుతుంది. రాత్రంతా పాకంలో ఊరాక వడగట్టి, పళ్లెంలో పరిచి ఒక రోజు ఫ్యాను కింద ఆరనిస్తే చాలు. పిల్లల పుట్టినరోజు కేకుల్లో కళ్లు చెదిరే ఎరుపు చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. చేతులకంటుకుని సబ్బుకి కూడా పోని రంగు పిల్లల నోట్లో ఎందుకు?

వడగట్టిన పాకం పారబోయకండి. అందులో కమలాపండు తొక్క వేసి ఒక్క పొంగు రానిస్తే కేకు మీద పోసుకునే సిరప్ అదే. ఫ్లేవర్ అంటే సీసాలో దొరికేది అనుకుంటారు గానీ, మనం చెత్తబుట్టలో వేసేదాంట్లోనే ఉంది. కమలాపండు తొక్క మీది పలుచటి పొర మాత్రం తురమండి, కింది తెలుపు చేదు. కప్పు పంచదారలో వేసి వేళ్లతో నలిపితే పంచదార తడితడిగా అయి, ఇల్లంతా వాసన వస్తుంది. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుని, రవ్వ కేకులో మామూలు పంచదార బదులు వాడండి. యాలకుల గింజలు తీశాక మిగిలిన తొక్కలు పంచదార డబ్బాలో పడేస్తే వారానికి అదీ తయారు. అసలు వెనిలా కాయల ధర మన అందుబాటులో లేదు, చవక సీసాల్లో ఉండేది కృత్రిమ వాసన. యాలకులుండగా దాని కోసం దేవులాడటం ఎందుకు?

ఒక జాగ్రత్త. టూటీ ఫ్రూటీ ముక్కల్ని పిండిలో కలిపే ముందు చెంచాడు పొడి మైదాలో దొర్లించండి. నేను మొదటిసారి అలా చేయలేదు, ముక్కలన్నీ కేకు అడుక్కి దిగిపోయాయి.