కోళ్ల మీద పడే రకూన్లను రాత్రిపూట ఎయిర్ రైఫిల్‌తో కాల్చడం గురించి నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: డల్లాస్ బయట రెండెకరాల స్థలంలో ఇల్లు, పది కోళ్లు పెంచుకుంటున్నారు, వారంలో మూడింటిని రకూన్ (పిల్లి కంటే కాస్త పెద్దది, రాత్రిపూట తిరిగే అమెరికా అడవి జంతువు) చంపేసింది. రాత్రి కాపు కాసి ఎయిర్ రైఫిల్‌తో కాల్చవచ్చా, ఏ రైఫిల్ కొనాలి, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చా అని.

నేనూ అదే వైపు ఉంటాను, ఊరి పరిధి దాటాక. అయిదేళ్లుగా కోళ్లున్నాయి. పెరట్లో సొర, బీర పాదులు, వెనక నాలుగు వరసల మొక్కజొన్న. ఇప్పటివరకు ఆరు రకూన్లను కాల్చాను. అయినా కోళ్లు చావడం ఆగింది మాత్రం గూటి తలుపుకి గడియ మార్చి, వల మార్చాకే. అందుకని మీరు అడగకపోయినా ముందు గూటి సంగతి చెప్తాను, తర్వాత రైఫిల్.

చిన్నప్పుడు తెనాలి దగ్గర మా పల్లెలో నాయనమ్మ పొద్దుగూకగానే కోళ్లను గంప కింద కమ్మి, పైన రోకలి బండ పెట్టేది. జంగుపిల్లికి ఆ బరువు చాలు. ఇక్కడా అలాగే అనుకుని, దుకాణంలో దొరికే పల్చటి చికెన్ వైర్ కొట్టి, తలుపుకి ఒక కొక్కెం తగిలించాను. మొదటి ఏడాది అక్టోబర్‌లో ఒక్క రాత్రిలో నాలుగు కోళ్లు పోయాయి. రెండింటికి తల లేదు, ఒళ్లు అలాగే ఉంది. ఒకటి వల పక్కనే నిద్రపోతుంటే వల సందులోంచి చెయ్యి పెట్టి లాగినట్టుంది, రెక్క ఊడి వచ్చింది. కొక్కెం తీసి ఉంది, విరగలేదు, వంగలేదు. రకూన్ ముందు కాళ్లు మన చేతుల్లాంటివే. చీకట్లో తడిమి చూసి పని కానిస్తుంది. ఎత్తితే వచ్చే కొక్కెం, తిప్పితే తిరిగే చెక్క ముక్క దానికి లెక్కే కాదు.

చికెన్ వైర్ కోడిని లోపల ఉంచడానికి పనికొస్తుంది గానీ రకూన్‌ని బయట ఉంచడానికి పనికిరాదు. అరంగుళం కన్నాల హార్డ్‌వేర్ క్లాత్, అంటే గట్టి ఇనప తీగ వల, తెచ్చి, స్టేపుల్స్‌తో సరిపెట్టకుండా వాషర్లు వేసి స్క్రూలు బిగించండి. అడుగున బయటి వైపు ఒకటిన్నర అడుగుల వెడల్పున అదే వలని నేల మీద పరిచి మట్టి కప్పండి, తవ్వబోతే అడ్డుకుంటుంది. తలుపుకి గడియ వేసి, ఆ గడియ కన్నంలో స్ప్రింగ్ ఉన్న కొక్కెం, అదే తాడు పట్టుకుని కొండలెక్కేవాళ్లు వాడే క్యారబైనర్, తగిలించండి. రెండు చేతులతో రెండు పనులు ఒకేసారి చేస్తే గానీ అది రాదు. దాణా ఇనప డబ్బాలో, మూతకి బిగింపుతో. కుక్క గిన్నె, పిల్లి గిన్నె రాత్రి బయట ఉంచొద్దు. ఇంత చేశాక మా ఇంటికి రాకపోకలు సగానికి పైగా తగ్గిపోయాయి.

మిగిలేది దారి మరిగిన ఒకటో రెండో. రైఫిల్ వాటికి.

చట్టం సంగతి క్లుప్తంగా. టెక్సాస్‌లో రకూన్ బొచ్చు జంతువుల జాబితాలో ఉంది. నష్టం చేస్తున్న బొచ్చు జంతువుని తన సొంత భూమిలో యజమాని ఏ కాలంలోనైనా, లైసెన్సు లేకుండానే చంపవచ్చని టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ నిబంధనలు చెబుతాయి. దాని తోలు మాత్రం ఉంచుకోకూడదు. అయితే ఇది రాష్ట్రం మాట. మీ ఇల్లు ఏదైనా సిటీ పరిధిలోకి వస్తే ఎయిర్ గన్ పేల్చడం మీద స్థానిక నిషేధం ఉండొచ్చు. చాలా ఊళ్లలో ఉంది. ముందు సిటీ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. ఇంకో రాష్ట్రంలో ఉండి ఇది చదివేవాళ్లు వాళ్ల రాష్ట్రం నిబంధనలే చూసుకోవాలి.

వీసా విషయం మనవాళ్లు చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఎయిర్ రైఫిల్‌లో మందు పేలదు, గాలి ఒత్తిడితో గుండు వెళ్తుంది కాబట్టి ఫెడరల్ చట్టంలో అది తుపాకీ కిందికి రాదు. నేను గ్రీన్ కార్డు రాకముందు దాన్నే ఎంచుకోవడానికి ఇదొక కారణం. కానీ న్యూజెర్సీలో ఎయిర్ గన్‌ని కూడా తుపాకీగానే లెక్కగడతారు, కొనడానికి అనుమతి కార్డు కావాలి. ఎడిసన్‌లో ఉండే మిత్రులు డల్లాస్ వాళ్లని చూసి ఆర్డర్ పెట్టకండి. మన ఊళ్లలో ఉండి చదువుతున్నవాళ్లకి కూడా ఒక మాట: పునుగుపిల్లి, జంగుపిల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువులు. ఇక్కడ నేను రాసేది వాటికి వర్తించదు.

ఇప్పుడు రైఫిల్. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి.

నాలుగు కోళ్లు పోయిన కోపంలో మర్నాడే వెళ్లి .177 (గొట్టం కన్నం కొలత, అంగుళాల్లో) బ్రేక్ బ్యారెల్ రైఫిల్, అంటే గొట్టాన్ని వంచి లోపలి స్ప్రింగ్ బిగించే రకం, కొన్నాను. డబ్బా మీద సెకనుకి 1,200 అడుగుల వేగం అని ఉంది. ఆ వేగం తేలికపాటి లోహపు గుండుతో వచ్చేది. మామూలు సీసం గుండు వేస్తే వేగం బాగా తగ్గుతుంది, శక్తి పదిహేను ఫుట్ పౌండ్ల (గుండు దెబ్బ బలానికి కొలత) దగ్గర ఆగుతుంది. నాకప్పుడు ఇవేవీ తెలియవు. మూడో రాత్రి గూడు పక్కన అది కనిపించింది. చేతిలో టార్చి, భుజం మీద రైఫిల్, గుండె దడ. ఒంటికి గురిపెట్టి కాల్చాను. అరిచింది. షెడ్డు కిందికి దూరింది. తెల్లవారేదాకా లోపల్నుంచి చప్పుడు వినిపిస్తూనే ఉంది. పొద్దున్నే పక్క పొలం పెద్దాయన వచ్చి దాని బాధ ముగించాడు. పుట్టినప్పటి నుంచి ఇక్కడే పశువులతో బతికిన మనిషి. నన్ను ఏమీ తిట్టలేదు. "దానికి ఏం జరిగిందో కూడా తెలియకూడదు. అలా చేయగలిగితేనే కాల్చు" అన్నాడు. ఆ మాట తర్వాత ఎనిమిది నెలలు నేను రైఫిల్ ముట్టుకోలేదు.

పెద్ద రకూన్ తొమ్మిది కిలోల దాకా తూగుతుంది. బొచ్చు దట్టం, ఆ కింద కొవ్వు, పుర్రె గట్టి. ఎయిర్ రైఫిల్‌తో దాన్ని వెంటనే చంపగలిగే చోటు ఒక్కటే, మెదడు. పక్క నుంచైతే కంటికీ చెవికీ మధ్య. ఎదురుగా చూస్తుంటే రెండు కళ్ల గీతకి కాస్త పైన, నడిమధ్య. ఛాతీ మీద కొడితే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

నేను ఇప్పుడు వాడేది .25 పీసీపీ, అంటే ముందే గాలి నింపుకునే రకం. 25 గ్రెయిన్ల (సుమారు 1.6 గ్రాముల) గుండు సెకనుకి 880 అడుగుల వేగంతో వెళ్తే శక్తి దాదాపు 43 ఫుట్ పౌండ్లు. .22 పీసీపీలో 18 గ్రెయిన్ల గుండు అదే వేగంతో సుమారు 31 ఇస్తుంది, అదీ చాలు. లెక్క మీరే వేసుకోవచ్చు: గుండు బరువు గ్రెయిన్లలో, వేగం అడుగుల్లో తీసుకుని, వేగాన్ని వేగంతో గుణించి, దాన్ని బరువుతో గుణించి, 450240తో భాగించండి. నా మటుకు నాకు ముప్పై కంటే తక్కువ శక్తితో రకూన్ మీద కాల్చే ఉద్దేశం లేదు. గుండు గుండ్రటి మొన ఉన్నదే తీసుకోండి, సూటిగా లోపలికి దిగుతుంది.

బ్రేక్ బ్యారెల్ వద్దనడానికి ఇంకో కారణం ఉంది. లోపలి స్ప్రింగ్ ముందుకీ వెనక్కీ కొట్టడంతో చేతిపట్టు కాస్త మారినా గుండు పక్కకి పోతుంది. చీకట్లో, ఉద్వేగంలో పట్టు మారకుండా ఉండదు. పీసీపీకి ఆ కుదుపు లేదు, పైగా రెండో గుండు క్షణంలో సిద్ధం. ఖర్చు ఎక్కువే. రైఫిల్ కాక గాలి నింపడానికి సిలిండరో పంపో కావాలి. మామూలుగా 200 బార్ దాకా నింపాలి, చేతి పంపుతో చెమటలు పడతాయి.

ఒక విషయం చాలామంది వదిలేస్తారు. స్కోపు, అంటే గురి చూసే దుర్భిణి, బ్యారెల్ కంటే సుమారు రెండంగుళాలు పైన ఉంటుంది. 25 గజాలకి గురి సరిచూసుకున్న రైఫిల్ పది గజాల దగ్గర ముప్పావు అంగుళం కిందకి కొడుతుంది. రకూన్ మెదడు అంత చిన్న గురికి ముప్పావు అంగుళం అంటే తప్పినట్టే. అందుకని దూరం ముందే ఖాయం చేసుకోండి. నేను కూర్చునే వెనక వరండా నుంచి ఎర పెట్టే చోటికి టేపుతో కొలిచి 18 గజాలు పెట్టుకున్నాను, అదే దూరానికి సరిచూశాను. పగలు కాదు, రాత్రి, అదే లైటుతో, అదే కుర్చీలో కూర్చుని, ట్రైపాడ్ మీద ఆనించి. దాదాపు అంగుళం వెడల్పుండే క్వార్టర్ నాణెం అంత మచ్చలో పది గుండ్లు వరసగా పడేదాకా ప్రాణి మీద కాల్చలేదు. నాకు దానికి రెండు నెలలు పట్టింది.

ఎర చోటు వెనక మట్టి కట్ట ఉండాలి. నాకు లేకపోతే పారతో నేనే పోశాను. రాళ్లు, ఇనుము, నీళ్లు ఉన్నవైపు కాల్చొద్దు, గుండు ఎగిరి ఎటైనా పోతుంది. చెట్టు మీద ఉన్నదాన్ని ఎప్పుడూ కాల్చకండి. తప్పిన గుండు వందల గజాలు వెళ్లి ఎవరి ఇంటి మీద పడుతుందో మీకు తెలియదు. రెండెకరాలు అనుకున్నంత పెద్దవి కావు.

ఎరగా పిల్లి తిండి పెట్టకండి, ఊళ్లో పిల్లులన్నీ వస్తాయి. నేను ఒక మొద్దుకి కింది భాగంలో చిన్న గుంట తొలిచి, లోపల వేరుశనగ వెన్న రాసి, ఒక మార్ష్‌మాలో పెడతాను. రకూన్ తల ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది, తింటున్నప్పుడు కూడా అటూ ఇటూ చూస్తుంది. గుంటలోంచి వెన్న తియ్యాలంటే చెయ్యి లోపలపెట్టి తడుముతూ తల ఒక్కచోట ఆపాలి. మీకు దొరికేది ఆ రెండు మూడు క్షణాలే. తెల్ల లైటుకి పారిపోతుంది, ఎర్ర లైటుని అంతగా పట్టించుకోదు. నేను రెండేళ్లు ఎర్ర లైటుతో చేశాను, తర్వాత డిజిటల్ నైట్ విజన్ స్కోపు కొన్నాను. ఏది వాడినా మెరిసే కళ్లని చూసి కాల్చొద్దు. పిల్లికీ కుక్కకీ కూడా కళ్లు మెరుస్తాయి. మొహం మీద నల్ల పట్టీ, తోక మీద వలయాలు, రెండూ కనిపించాకే వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లాలి. ఒకసారి నేను గంటసేపు కాసింది ఒపోసమ్ (పెద్ద ఎలుకలా ఉండే ఇంకో జంతువు) అని తేలింది, దాని దారిన పోనిచ్చాను.

కాల్చాక వెంటనే దగ్గరికి పరుగెత్తకండి. రెండో గుండు ఎక్కించి, స్కోపులోంచి చూస్తూ కొన్ని నిమిషాలు అక్కడే ఉండండి. కాళ్లు కొట్టుకోవడం మామూలే. తల ఎత్తితే మాత్రం వెంటనే రెండోది.

వసంతంలో నేను కాల్చను. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలు పుడతాయి, తల్లి చస్తే అవి ఏ చెట్టు తొర్రలోనో ఆకలితో చస్తాయి. పగటిపూట రకూన్ కనిపిస్తే రేబిస్ అని భయపడతారు, చాలాసార్లు అది పాలిచ్చే తల్లి, తిండి కోసం తిరుగుతుంటుంది. అయితే తూలుతూ, దారి తెలియనట్టు నడుస్తుంటే రేబిస్ గానీ డిస్టెంపర్ (కుక్కలకీ వచ్చే వైరస్ జబ్బు) గానీ అయ్యుండొచ్చు. అప్పుడు పిల్లల్నీ కుక్కనీ లోపలికి పిలిచి యానిమల్ కంట్రోల్‌కి ఫోన్ చేయండి.

చంపడం ఇష్టం లేక బోనులో పట్టి దూరంగా వదిలేద్దామని మనవాళ్లు చాలామంది అంటారు. మా ఇంట్లోనూ అన్నారు. మంచి మనసుతో అనేదే, కానీ చాలా రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకోదు, దానికి కారణం ఉంది. 1970ల చివర్లో వేట కోసం ఆగ్నేయ రాష్ట్రాల నుంచి రకూన్లను తెచ్చి వర్జీనియా, వెస్ట్ వర్జీనియా సరిహద్దు ప్రాంతంలో వదిలారు. వాటితో పాటు వచ్చిన రకూన్ రేబిస్ అక్కడి నుంచి తూర్పు తీరం పైదాకా పాకింది. దాన్ని ఆపడానికి ప్రభుత్వం ఇప్పటికీ అడవుల్లో టీకా మందు ఎరలు చల్లుతోంది.

చివరిగా శవం. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. మూడడుగుల లోతున పాతిపెట్టండి, కుక్కకి అందనివ్వకండి, లోపల సీసం ఉంటుంది. కట్టెల మోపు మీదో, చెట్టు మొదట్లోనో, షెడ్డు కప్పు మీదో ఒకేచోట పోగుపడ్డ పెంట కనిపిస్తే అది రకూన్ల మరుగుదొడ్డి. అందులో ఒక రకం ఏలికపాము గుడ్లు ఉంటాయి, మనిషి ఒంట్లోకి పోతే మెదడుకీ కళ్లకీ ముప్పు. గుడ్లు ప్రమాదకరంగా మారడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కాబట్టి కనిపించిన రోజే తీసేయండి. బ్లీచ్ వాటిని చంపదు, మరిగే నీళ్లు పోయాలి. చిన్నపిల్లలున్న ఇల్లయితే ఈ ఒక్క పని వాయిదా వేయకండి.

మొదటి రాత్రి కూర్చునే ముందు రెండువైపులా ఉన్న పొరుగువాళ్ల తలుపు తట్టి చెప్పండి. చీకట్లో రైఫిల్ పట్టుకుని కూర్చున్న మనిషి ఎవరో వాళ్లకి ముందే తెలిసి ఉండాలి. మీ గూటి తలుపు, గడియ ఫొటోలు ఇక్కడ పెడితే, ఈ శనివారం లోపు ఏం మార్చాలో చూసి చెప్తాను.