ఒకే వీధిలో ఇద్దరికి మొండి టీబీ వస్తే, ఒకరి నుంచే ఒకరికి అంటుకున్నట్టా?

మీ వీధిలో ఇద్దరికి ఎండీఆర్ టీబీ (రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ అనే రెండు ముఖ్యమైన మందులకు లొంగని టీబీ) వచ్చింది, సూరత్ పవర్‌లూమ్‌ల నుంచి తిరిగొచ్చిన కుర్రాడే తెచ్చాడని అందరూ అంటున్నారు, జన్యు పరీక్షలో ఇది తేలుతుందా అని అడిగారు. పర్లాకిమిడి చుట్టుపక్కల టీబీ ల్యాబు పనిలో చాలా ఏళ్లున్నాను కాబట్టి చెప్తున్నా. కొంతవరకు తేలుతుంది, కానీ మీ చేతిలో ఉన్న సీబీనాట్ (కళ్లెలో టీబీ క్రిమి జన్యువును వెతికే మెషీన్ పరీక్ష) రిపోర్టుతో కాదు.

సీబీనాట్ చెప్పేది రెండే ముక్కలు: టీబీ క్రిమి ఉందా, అది రిఫాంపిసిన్‌కు లొంగుతుందా. దానికోసం ఆర్‌పీఓబీ అనే జన్యువులో 81 డీఎన్ఏ అక్షరాల చోటు చూస్తుంది. క్రిమి మొత్తం జీనోమ్, అంటే దాని పూర్తి జన్యు రాత, దాదాపు 44 లక్షల అక్షరాలు. పైగా ఆ చోట్లో 450వ కోడాన్ (మూడక్షరాల ముక్క) మార్పు ప్రపంచమంతటా కనిపించేదే. సూరత్‌లో ఒకరికి, కాశీనగర్‌లో ఇంకొకరికి ఏ సంబంధం లేకుండా పుట్టగలదు.

మా దగ్గరా ఇలాంటి గొడవే అయింది. బావా బావమరుదులు, పక్కపక్క ఇళ్లు, ఇద్దరికీ రిఫాంపిసిన్ రెసిస్టెన్స్, అంటే ఆ మందుకు క్రిమి లొంగకపోవడం. "వీడి వల్లే మావాడికి" అని రెండిళ్ల ఆడవాళ్లకూ మాటల్లేవు. తర్వాత ఎల్‌పీఏ (లైన్ ప్రోబ్ అస్సే అనే ఇంకో జన్యు పరీక్ష) రిపోర్టులు వచ్చాయి. ఆ పరీక్షలో సన్నటి కాగితపు పట్టీ మీద ఊదారంగు గీతలు తేలతాయి, మామూలు క్రిమికి రావాల్సిన గీత మాయమైనా, మార్పు గీత తేలినా ఆ చోట మార్పు ఉన్నట్టు. ఐసోనియాజిడ్ దగ్గర ఒకాయనకు కాట్‌జీ అనే జన్యువులో మార్పు గీత, రెండో ఆయనకు ఐఎన్‌హెచ్‌ఏ అనే వేరే జన్యువుది. ఆర్‌పీఓబీ గీతలు కూడా వేరు. అంటే ఆ రెసిస్టెన్స్ ఒకరి నుంచి ఒకరికి వచ్చింది కాదు. మామూలు టీబీగా అంటుకుని, తర్వాత ఎవరి ఒంట్లో వారికి మొండికెత్తి ఉండొచ్చు కదా అంటారా, ఉండొచ్చు, దాన్ని ఎల్‌పీఏ కాదనలేదు. గీతలు ఒకేలా వచ్చినా అది రుజువు కాదు.

రుజువు కావాలంటే స్ట్రెయిన్ టైపింగ్, అంటే ఇద్దరి క్రిములూ ఒకే రకమా అని పోల్చడం, చెయ్యాలి. పాత పద్ధతి స్పోలిగోటైపింగ్, క్రిమి డీఎన్ఏలోని 43 ముక్కల్లో ఏవి ఉన్నాయో ఏవి లేవో చూస్తుంది. దక్షిణాదిలో ఈఏఐ అనే టీబీ క్రిమి కుటుంబం ఎంత మామూలంటే, ఇద్దరికీ అదే వస్తే ఇంటిపేరు కలిసినట్టే, చుట్టరికం తేలినట్టు కాదు. ఇప్పుడు నమ్మదగ్గది హోల్ జీనోమ్ సీక్వెన్సింగ్, అంటే క్రిమి జన్యు రాతను దాదాపు మొత్తం చదవడం. రెండు శాంపిళ్ల మధ్య తేడా 5 అక్షరాల లోపైతే ఈమధ్యే అంటుకున్న అవకాశం ఎక్కువ, 12 దాటితే నేరుగా అంటలేదనే లెక్క. ఈ క్రిమి చాలా నెమ్మది మనిషి, రెండేళ్లకు సుమారు ఒక అక్షరం మారుతుంది. అయితే ఎవరు ఎవరికి ఇచ్చారో ఇది కూడా ఖాయంగా చెప్పలేదు. ఇద్దరికీ ఇచ్చిన మూడో మనిషి ఉండొచ్చు.

నిజానికి టైపింగ్ ఉపయోగం నింద తేల్చడం కాదు, జబ్బు ఎక్కడ పాకుతోందో పట్టుకోవడం. దక్షిణాఫ్రికాలోని టుగెలా ఫెర్రీలో ఎక్స్‌డీఆర్ టీబీ (ఎండీఆర్ కంటే ఇంకా ఎక్కువ మందులకు లొంగనిది) వచ్చిన 53 మందిలో 52 మంది పోయారని 2006లో బయటపడింది. టైప్ చేసిన శాంపిళ్లలో ఎక్కువ భాగం ఒకే రకం. సగానికి పైగా మనుషులు అంతకుముందు టీబీ మందే వాడలేదు, చాలామంది మాత్రం ఈమధ్య ఆసుపత్రిలో చేరి ఉన్నవాళ్లు. మందులు సరిగ్గా మింగకపోవడం వల్లే వచ్చిందనే మాట అక్కడ నిలవలేదు.

వైద్యం ఈ టైపింగ్ కోసం ఆగదు. మీరు అడగాల్సింది ఇద్దరి ఎల్‌పీఏ రిపోర్టులు, ముఖ్యంగా ఫ్లోరోక్వినలోన్‌లు అనే మందుల మీద వచ్చింది, ఎందుకంటే ఏ కోర్సు ఇవ్వాలన్నది చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. రెండిళ్లలో పిల్లలతో సహా అందరికీ టీబీ పరీక్షలు ఈ వారమే చేయించండి, సూరత్ కుర్రాడి ఇంట్లో వాళ్లకు కూడా.