టేపు నల్లబడితే చాలా?

ప్రశ్న: మేడమ్, మాది హిందూపురం. బెంగళూరు మారతహళ్ళిలో ఓ చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరి నాలుగు నెలలైంది. క్రిములను పెంచి వాడేసిన కల్చర్ ప్లేట్లన్నీ ఒకే కవర్లో కుక్కి, మూతి కట్టి, పైన వేడికి నల్లబడే టేపు అంటించి, ఇరవై నిమిషాలు ఆటోక్లేవ్ చేసి (అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి దాంట్లో ఆవిరి పట్టించి) చెత్త పసుపు సంచిలో వేసేస్తాం. "టేపు నల్లబడిందిగా, ఇంకేం టెన్షన్?" అంటారు మా సీనియర్. ఇది సరేనా?

జవాబు: సరికాదమ్మా. కవరు పైన వేడి తగిలిందనే టేపు చెబుతుంది. లోపలి సంగతి దానికేం తెలుసు?

నేనూ దెబ్బతిన్నాకే నేర్చుకున్నాను. జయనగర్‌లో పనిచేసే రోజుల్లో ఓ శనివారం ఇంటికెళ్ళే తొందరలో రెండు రోజుల ప్లేట్లు ఒకే కవర్లో దట్టించాను. టేపు గీతలు నల్లగా వచ్చాయి. సోమవారం ఎందుకో అనుమానం వచ్చి గ్లవ్స్ వేసుకుని విప్పితే, పక్కల ప్లేట్లు కరిగి ముద్దయ్యాయి, నడిమివాటిలో క్రిముల గుంపులు (కాలనీలు) మాత్రం చెక్కుచెదరలేదు! కుక్కర్లో గిన్నెలు ఇరికించి పెడితే మధ్య గిన్నెలో పప్పు పలుకులుగా మిగలదూ, అలాగన్నమాట. ఆ కవరు మోయాల్సింది మా ఆయా.

మూతి బిగిస్తే లోపలి గాలి బయటికి పోదు, ఆవిరి లోపలికి రాదు. మూడింట రెండొంతులే నింపండి, మూతి వదులుగా ఉంచండి. ఇరవై నిమిషాలంటారా, అది మీడియా, అంటే ప్లేట్లలో క్రిములకు పోసే ఆహారం, తయారీకి పెట్టే టైము. చెత్తకు, 2016 నాటి బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం, మామూలు గ్రావిటీ ఆటోక్లేవ్‌లో (ఆవిరే గాలిని బయటికి తోసే రకంలో) 121 డిగ్రీల సెల్సియస్, 15 పౌండ్ల ప్రెషర్ దగ్గర కనీసం 60 నిమిషాలు. కరెంటు బిల్లని మీ ఓనర్ గొణుగుతారు, గొణగనివ్వండి. అన్నట్టు, బ్లీచ్‌లో నానబెట్టినవి ఆటోక్లేవ్‌లో పెట్టకండి, క్లోరిన్ ఘాటు లేస్తుంది.

సీనియర్‌తో వాదన వద్దు. ఒక స్పోర్ వయల్ (వేడికి ఓ పట్టాన చావని క్రిముల బీజాలున్న చిన్న సీసా) తెప్పించి, కవరు నట్టనడుమ పెట్టి, ఆయన చెప్పిన ఇరవై నిమిషాలే నడపండి. తర్వాత ఆ వయల్‌ను ఇంక్యుబేటర్‌లో (క్రిములు పెరిగేలా వెచ్చగా ఉంచే పెట్టెలో) ఉంచితే, అందులోని ద్రవం ఊదా రంగు పసుపైందంటే క్రిములు బతికున్నట్టే. ఈ స్పోర్ పరీక్ష ఎలాగూ వారానికోసారి చేయాల్సిందే.

ఇంకొకటి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ వేయించుకున్నారా? వేయించాల్సిన బాధ్యత ల్యాబ్‌దే. మీ ఆయాకు వేయించారో లేదో కూడా రేపే కనుక్కోండి.