అడగండి చెబుతాం: గాడ్పుల సంగతి

ప్రశ్న: గోదావరి పక్కనే ఉంది, సముద్రం కూతవేటు దూరం, చుట్టూ కొబ్బరి చెట్లే. అయినా మా కోనసీమలో వడగాడ్పులేంటండీ? 2015 కంటే 2003 ఎండలే ఘోరమంటారు మా తాతయ్య, నిజమేనా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: మీ తాతయ్యగారితో వాదన పెట్టుకోకండి, 2003లోనూ అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో వడదెబ్బ వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, అంతకుముందు ఏడాది మే నెలలోనూ అంతే. కాకపోతే 2015 మేలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే సుమారు 1,700 మంది పోయారు, అందులో తూర్పు గోదావరి వాళ్లూ ఉన్నారు.

ఇక సముద్రం సంగతి. మామూలుగా మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగి కాస్త ప్రాణం లేచొస్తుంది కదా, కానీ పడమటి గాలి గట్టిగా ఉన్న రోజుల్లో అది రాలేకపోతుంది, తెలంగాణ, విదర్భ మీదుగా నేలంతా కాగి వచ్చిన పొడి గాలి నేరుగా మన మీదికొస్తుంది. పైగా అప్పటికి కాలువలు కట్టేసి ఉంటాయి, అడుగున బురద నెర్రెలిచ్చి, గేదెలకు మునగడానికి గుంటెడు నీళ్లుండవు. సాయంత్రం గాలి తిరిగాక ఇంకో బాధ: ఉక్క. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, రాత్రి కూడా తెరిపి ఉండదు. థర్మామీటర్‌లో 38 చూసి పర్లేదులే అనుకోవడం అందుకే ప్రమాదం.

అన్నట్టు, మన దగ్గర మే అంటే ఎండలే కాదండోయ్. 1787 మేలో కోరంగిని ఉప్పెన ముంచేసింది, 1990 మేలో వచ్చిన తుఫాను పెద్దవాళ్లకి ఇంకా గుర్తే.